డొక్కు కాదట, వింటేజ్ అట!

పాతబడిపోయిన బండికి మన దగ్గర ఒక మాట ఉంది: డొక్కు. డొక్కు బస్సు, డొక్కు స్కూటరు, డొక్కు జీపు. తిట్టే గానీ అందులో కొంచెం జాలి, కొంచెం చనువు కూడా ఉంటాయి. కిటికీ అద్దాలు దడదడలాడే బస్సెక్కి "ఈ డొక్కుది ఇవాళ చేరుస్తుందంటావా?" అని పక్కసీటాయన్ని అడుగుతాం. ఆయన నవ్వుతాడు. పదిహేనేళ్ళు దాటిన మన బైకుకి ప్రభుత్వం గ్రీన్ టాక్స్ వేస్తుంది. డొక్కుకి కట్టాల్సిన జరిమానా అది, కట్టేసి ఊరుకుంటాం.

అదే బండికి రెక్కలుండి, లోపల తోలు సీట్లుండి, గంటకి ఇన్ని వేల డాలర్లని అద్దెకి నిలబడిందనుకోండి. అప్పుడు డొక్కు అనే మాట దాని దరిదాపులకి కూడా రాదు. నలభై ఏళ్ళదైనా, యాభై ఏళ్ళదైనా అది వింటేజ్. నా తగాదా ఈ మాటతోనే. పాత ప్రైవేటు జెట్‌ని చార్టర్ చేసుకుని తిరగడం అనే సరదా మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడి ఉందని, ఆ మాట తీసేస్తే కింద మిగిలేది పాత లోహం, బోలెడు కిరసనాయిలు, కాస్త ఎక్కువ గర్వం మాత్రమేనని నా వాదన.

చార్టర్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పెళ్ళికి ఇన్నోవా మాట్లాడుకున్నట్టు విమానాన్ని మాట్లాడుకోవడం. గంటల లెక్కన అద్దె. మిమ్మల్ని దింపేసి అది ఖాళీగా వెనక్కి వెళ్ళే ఖర్చు కూడా సాధారణంగా మీ బిల్లులోనే పడుతుంది. కొత్త జెట్‌కి అద్దె ఎక్కువ, పాతదానికి తక్కువ. అమెరికాలో 1970ల, 80ల నాటి లియర్‌జెట్ 35లు, పాత సైటేషన్లు, హాకర్లు చార్టర్ బజార్లో తిరుగుతూ వచ్చింది ప్రధానంగా అందుకే, చౌక. ఆ చౌకని చౌక అని చెప్పుకోవడం బావుండదు కాబట్టి వింటేజ్ అన్నారు. సన్నటి ముక్కు, రెక్కల చివర వేలాడే ఇంధనం ట్యాంకులు, ఎదురెదురు కుర్చీలు, చేతిలో గాజు గ్లాసు, సెపియా రంగు. పక్కన ఒక టర్టిల్‌నెక్ స్వెటర్. ఫొటో అదిరిపోతుంది, కాదనను. ఆ ఫొటోలో పడనివి కొన్ని ఉన్నాయి. తొలి లియర్‌జెట్‌లో మనిషి నిటారుగా నిలబడలేడు. క్యాబిన్ ఎత్తు నాలుగున్నర అడుగులు కూడా లేదు. టాయిలెట్ అంటే ఒక సీటు కింద దాచిన పాత్ర, అడ్డంగా ఓ కర్టెన్. ఎదుటి సీట్లో కూర్చున్నవాళ్ళు మర్యాదగా కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ ఉండాలి.

ఇంతకీ ఈ మోజంతా మొదలైంది బిల్ లియర్ అనే మనిషి దగ్గర. ఎనిమిదో తరగతి దాటి చదవలేదు. కార్లలో పాటల కోసం ఎయిట్ ట్రాక్ టేపుని తయారుచేసి అమ్మింది ఈయనే. పాత క్యాసెట్లు పోగేసే మిత్రులు ఈ ఒక్క విషయానికైనా ఆయనకి దణ్ణం పెట్టుకోవచ్చు. స్విట్జర్లాండ్‌లో మధ్యలో ఆగిపోయిన పి-16 అనే యుద్ధవిమానం ప్రాజెక్టు ఆయన కంటపడింది. దాని రెక్కని ఆధారం చేసుకుని, కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో ఎనిమిది మంది పట్టే జెట్ కట్టించాడు. 1963 అక్టోబర్ 7న అది మొదటిసారి ఎగిరింది. దానికి పెట్టిన జనరల్ ఎలక్ట్రిక్ సీజే610 ఇంజన్ కథ ఇంకా బావుంటుంది. దాని తల్లి జే85 అనే సైనిక ఇంజన్. ఆ జే85ని మొదట తయారుచేసింది శత్రువు రాడార్‌ని ఏమార్చడానికి బాంబర్లలోంచి వదిలే క్వెయిల్ అనే క్షిపణి కోసం. ఒకసారి వదిలితే తిరిగి రానక్కర్లేని వస్తువు కోసం పుట్టిన ఇంజన్ వంశంలోదాన్ని, తప్పకుండా తిరిగి రావాల్సిన వ్యాపారవేత్తల వెనక బిగించారన్నమాట. ఇంజనీరింగ్‌గా ఇందులో తప్పేం లేదు, మంచి ఇంజనే. కానీ ఈ కథని బ్రోషర్లో ఎవరూ వేసుకోరు.

లియర్‌జెట్ 23 రకంవి మొత్తం వందకి పైగా తయారయ్యాయి. కాలక్రమంలో వాటిలో పాతికకి పైనే ప్రమాదాల్లో పోయాయి. ఫ్రాంక్ సినాట్రా 1965లో ఒకటి కొనుక్కున్నాడు, ఇక హాలీవుడ్డంతా దాని వెంటపడింది. ఎల్విస్ ప్రెస్లీ దగ్గర వేరే జెట్లుండేవి. 1976లో ఒక రాత్రి ఆయన పీనట్ బటర్, జామ్, బేకన్ కూరిన ఒక పెద్ద రొట్టె కోసం మెంఫిస్ నుంచి డెన్వర్ దాకా సొంత విమానంలో వెళ్ళాడు. మనవాళ్ళు అర్ధరాత్రి బిర్యానీ కోసం బండేసుకుని ఊరంతా తిరుగుతారు చూడండి, ఆకలి అదే, కాకపోతే పెట్రోలు లెక్కలో తేడా.

ఇక్కడ సాహిత్యం చదివేవాళ్ళు ఒక్క నిమిషం ఆగాలి. లియర్‌జెట్ కొత్తగా మెరుస్తున్న రోజుల్లోనే పాటలు రాసేవాళ్ళు దాన్ని చూసి ఏమన్నారు? కార్లీ సైమన్ 1972లో 'యూ ఆర్ సో వేన్' పాడింది. తనని తాను తప్ప ఇంకెవర్నీ ప్రేమించలేని ఒక మగవాడి మీద అది వెటకారం. సూర్యగ్రహణం చూడ్డానికి అతను ఎక్కే లియర్‌జెట్ ఆ పాటలో అతని అహంకారానికి ఆనవాలు. తర్వాతి ఏడాది పింక్ ఫ్లాయిడ్ 'మనీ' వచ్చింది. అందులోనూ లియర్‌జెట్ ఉంది, డబ్బు పిచ్చిని వెక్కిరించడానికే ఉంది. అంటే ఆ కాలం తన జెట్‌ని చూసి అప్పుడే నవ్వుకుంది. ఆ నవ్వు యాభై ఏళ్ళలో ఎటు పోయింది? పాట మిగిలింది, ట్యూన్ మిగిలింది, జెట్ మిగిలింది, వెటకారం మాత్రం ఆవిరైపోయింది. ఇవాళ వింటేజ్ జెట్ ఎక్కేవాడి ప్లేలిస్టులో కార్లీ సైమన్ ఉంటే నేనేమీ ఆశ్చర్యపోను. తన మీద రాసిన పాటని తనే కాలితో తాళం వేస్తూ వింటుంటాడు. తనమీదే రాశారేమోనని అనుమానం వచ్చినా గర్వపడతాడు, ఆ పాటలో చురక కూడా సరిగ్గా అదే.

మోజు అనేది ఇలాగే పనిచేస్తుంది. పాతకాలం నుంచి వస్తువుని మాత్రం తెచ్చుకుంటుంది, ఆ వస్తువు చుట్టూ అప్పుడు జరిగిన గొడవని అక్కడే వదిలేస్తుంది.

ఇక అసలు అభ్యంతరానికి వద్దాం. పాతదైతే ప్రమాదకరమేనా? న్యాయంగా చెప్పాలంటే, కాదు. విమానానికి వయసుని క్యాలెండరుతో కాకుండా ఎగిరిన గంటలతో, ఎక్కిదిగిన సార్లతో కొలుస్తారు. ఎయిర్‌లైన్ విమానం ఏడాదికి మూడు వేల గంటలు ఎగిరితే, ప్రైవేటు జెట్ మూడు నాలుగు వందల గంటలు ఎగరడమే ఎక్కువ. కాబట్టి నలభై ఏళ్ళ బిజినెస్ జెట్ గంటల లెక్కలో పదేళ్ళ ఎయిర్‌బస్ కంటే చిన్నది కావచ్చు. పాత జెట్ల అభిమానులు ఈ మాట చెప్తారు, నిజమే చెప్తారు. కానీ తుప్పుకి గంటల లెక్క తెలీదు. అది హ్యాంగర్లో ఖాళీగా నిలబడ్డ రోజుల్ని కూడా లెక్కేసుకుంటుంది. రబ్బరు సీళ్ళూ, వైర్ల మీద తొడుగులూ అంతే. విడిభాగం తయారుచేసే కంపెనీ ఎప్పుడో మూతబడి ఉంటుంది. ఆ సిస్టం చేతివాటంగా తెలిసిన మెకానిక్ రిటైరై ఉంటాడు. లియర్‌జెట్ అనే పేరుతో కొత్త విమానం రావడం కూడా 2022తో ఆగిపోయింది. పాత విమానాన్ని కొత్తదానిలా ఉంచడం సాధ్యమే, కానీ దానికి డబ్బు ధారపోయాలి. చార్టర్ బజార్లో ఆ విమానానికి ఉన్న ఏకైక ఆకర్షణేమో చౌక. ఈ రెండూ ఒక ఒరలో ఇమడవు. ఎక్కడో ఒకచోట ఎవరో ఒక ఖర్చు వాయిదా వేస్తారు.

1999 అక్టోబర్ 25న పేన్ స్టూవర్ట్ అనే గోల్ఫ్ ఆటగాడు ఒర్లాండో నుంచి డల్లాస్‌కి లియర్‌జెట్ 35ని చార్టర్ చేసుకుని బయల్దేరాడు. ఆ జూన్‌లోనే యూఎస్ ఓపెన్ గెలిచినవాడు. విమానం 1976లో తయారైంది. పైకి లేచిన కాసేపటికే పైలట్లు రేడియోకి జవాబివ్వడం మానేశారు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోయింది, ఆక్సిజన్ సమయానికి అందలేదు. డల్లాస్ వైపు తిరగాల్సిన విమానం తిరగలేదు. ఆటోపైలట్ మీద వాయవ్యంగా సుమారు నాలుగు గంటలపాటు అమెరికా మీదుగా పోతూనే ఉంది. ఎఫ్-16 యుద్ధవిమానాలు పక్కకి వెళ్ళి చూశాయి. కిటికీ అద్దాల మీద లోపల మంచు పట్టినట్టుంది, కాక్‌పిట్‌లో కదలిక లేదు. ఇంధనం అయిపోయాక సౌత్ డకోటా పొలాల్లో కూలింది. ఆరుగురు. ఒత్తిడి ఎందుకు పోయిందో దర్యాప్తు కచ్చితంగా తేల్చలేకపోయింది. ఆ విమానం ప్రెషర్ వ్యవస్థకి అంతకుముందు నెలల్లో మరమ్మతులు జరిగిన కాగితాలు మాత్రం బయటపడ్డాయి.

జెన్నీ రివేరా అమెరికాలో పుట్టిపెరిగిన మెక్సికన్ గాయని, స్పానిష్ పాటకి మహారాణి. 2012 డిసెంబర్ 9న మాంటెర్రేలో కచేరీ అయ్యాక తెల్లవారుజామున లియర్‌జెట్ 25 ఎక్కింది. అది 1969లో తయారైన విమానం, అప్పటికి నలభై మూడేళ్ళు. నడిపే పైలట్ వయసు డెబ్బై ఎనిమిది. కొండల్లో పడింది. ఏడుగురిలో ఎవరూ మిగల్లేదు. అంతకంటే సిసలైన వింటేజ్ బిజినెస్ జెట్ ప్రయాణం ఇంకోటి ఉండదు. కానీ మర్నాడు ఏ పేపరూ వింటేజ్ అని రాయలేదు. పాత విమానం అని రాశాయి. గమనించారా, ఎగురుతున్నంతసేపే వింటేజ్. నేలకి తగిలిన క్షణం నుంచి పాతది.

2025 జనవరి 31న ఫిలడెల్ఫియాలో జరిగింది ఇంకా దగ్గరి కథ. అది సరదా ప్రయాణం కాదు. వైద్యం ముగిసి ఇంటికెళ్తున్న మెక్సికో పాప, వాళ్ళమ్మ, సిబ్బందితో ఎయిర్ అంబులెన్స్‌గా బయల్దేరిన లియర్‌జెట్ 55. తయారైంది 1982లో. లేచిన నిమిషం లోపే జనం మధ్య వీధుల్లో కూలింది. లోపలున్న ఆరుగురూ పోయారు, కింద దారినపోయేవాళ్ళూ బలయ్యారు. శిథిలాల్లోంచి కాక్‌పిట్ వాయిస్ రికార్డర్‌ని తవ్వి తీశారు. అందులో ఆ రోజు మాటల్లేవు. అది బహుశా కొన్నేళ్ళుగా రికార్డు చెయ్యడం లేదని దర్యాప్తు సంస్థ ప్రాథమిక నివేదికలో రాసింది. ప్రమాదానికి కారణం అదని ఎవరూ అనలేదు, నేనూ అనను. కానీ ఆలోచించండి. విమానం ఎగురుతోంది, దిగుతోంది, మళ్ళీ ఎగురుతోంది. అందులో ఒక పెట్టె ఏళ్ళ తరబడి మూగబోయి ఉంది, దాని సంగతి ఎవరికీ పట్టలేదు. డొక్కు బస్సులో వైపర్ పనిచెయ్యకపోతే మొదటి వానకే తెలిసిపోతుంది.

ఎక్కినవాడి సంగతి సరే, అతని ప్రాణం అతనిష్టం అనుకుందాం. కింద ఉన్నవాళ్ళ మాటేంటి? తొలి తరం లియర్‌జెట్లవి టర్బోజెట్ ఇంజన్లు. ఇప్పటి ఇంజన్లలో మధ్యలో వేడిగాలి, చుట్టూ చల్లగాలి వెళ్తాయి, ఆ చల్లగాలి చప్పుణ్ణి కొంత మింగేస్తుంది. టర్బోజెట్‌లో ఆ దుప్పటి ఉండదు. మండిన గాలి నేరుగా బయటి గాలిని చీల్చుకుంటూ పోతుంది. ఆ చప్పుడు భరించలేకే అమెరికా 2012లో చట్టం చేసింది. ఆ కాలపు చప్పుడు ప్రమాణాల్ని దాటలేని చిన్న జెట్లు 2015 డిసెంబర్ 31 తర్వాత ప్రధాన భూభాగంలోని 48 రాష్ట్రాల్లో ఎగరకూడదంది. చప్పుడు తగ్గించే కిట్లు బిగించుకుంటే సరే, లేదంటే లేదు. అంటే నిఖార్సైన వింటేజ్‌ని దాని పుట్టింటివాళ్ళే గుమ్మం బయట నిలబెట్టారు. ఈ చట్టం గురించి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ ఎయిర్‌పోర్టు లాంజిలోనూ దొరకదు.

ఇక ఇంధనం. ఆ తరం లియర్‌జెట్ గంటకి దాదాపు వెయ్యి లీటర్లు తాగుతుంది. కాలితే సుమారు రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్. సగటు భారతీయుడు ఏడాది పొడుగునా, వంటా, బస్సూ, కరెంటూ అన్నీ కలుపుకుని, వదిలేది రెండు టన్నుల చిల్లర. ఆయన ఏడాది బతుకు ఇక్కడ ఒక గంటలో, కాఫీ చల్లారేలోపు అయిపోతోంది. పాతది వాడటం పర్యావరణానికి మంచిదే కదా, కొత్తది తయారుచెయ్యక్కర్లేదు కదా అని ఎవరో ఒకరు అంటారు. పాత చొక్కా విషయంలో ఆ మాట నిజం. చొక్కాకి కిరసనాయిలు పొయ్యక్కర్లేదు.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అంటారేమో. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు పక్కన జక్కూరు నుంచి సౌందర్య కరీంనగర్‌లో ఎన్నికల ప్రచారానికి బయల్దేరింది. తోడు వాళ్ళన్నయ్య. ఎక్కింది జెట్ కూడా కాదు, సెస్నా 180, ఒక్క ఇంజన్ చిన్న విమానం. ఆ మోడల్ తయారీ 1981లోనే ఆగిపోయింది. అంటే అది ఎంత కొత్తదైనా అప్పటికి ఇరవై మూడేళ్ళది. లేచిన కాసేపటికే కూలి మంటల్లో కాలిపోయింది, నలుగురూ పోయారు. 'అమ్మోరు' చూసి చేతులెత్తి మొక్కినవాళ్ళందరూ ఆ సాయంత్రం టీవీల ముందు కూలబడ్డారు. అప్పుడు మన భాషలో ఆ విమానానికి వాడిన మాటల్లో వింటేజ్ లేదు. ఆ మాట మనకింకా అందలేదు. తొందరపెట్టిన ప్రచారం షెడ్యూలు ఉంది, దొరికిన విమానం ఉంది, ఆమె ఎక్కింది. చార్టర్ ప్రయాణం ఎక్కువసార్లు అలాగే ఉంటుంది. ఏ విమానం, ఏ వయసుది అని ఎక్కేవాళ్ళు అడగరు, అడిగే తీరికా ఉండదు.

జెట్ అద్దెకి తీసుకునేవాళ్ళెవరూ ఈ పత్రిక చదవరు, ఎవర్ని తిడుతున్నావయ్యా అని మీరడగొచ్చు. మనల్నే. అద్దె కట్టేది వాళ్ళైనా ఆ ఫొటోకి విలువ కట్టేది మనం. నేల మీద కదలకుండా నిలబెట్టిన జెట్‌ని గంటల లెక్కన ఫొటోల కోసం అద్దెకిచ్చే వ్యాపారం మాస్కోలో నడిచింది. లాస్ ఏంజెలెస్‌లో అయితే జెట్ కూడా అక్కర్లేదు, క్యాబిన్ సెట్టింగే ఉంది. అంటే అమ్ముడుపోతున్న సరుకు ప్రయాణం కాదు, చూసేవాడి నిట్టూర్పు. ఆ నిట్టూర్పు ఉచితంగా సప్లై చేస్తోంది మనమే.

నాకు బాధ ఎక్కడంటే, వింటేజ్ అనేది మొన్నటిదాకా మన మాట. కోఠీ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన పుస్తకం, రీలు కెమెరా, తాతయ్య హెచ్‌ఎంటీ వాచీ, బాగుచేయించుకుని మళ్ళీ తొక్కే సైకిలు. పారెయ్యకుండా ఉంచుకోవడం, రిపేరు చేయించుకోవడం, కొత్తదానికోసం ఎగబడకపోవడం, ఇదీ అందులో ఉన్న విలువ. జేబులో డబ్బు లేనివాళ్ళు తమ లేమికి ఇచ్చుకున్న ఒక అందమైన పేరు అది. దాన్ని తీసుకెళ్ళి ఏకంగా ఎనిమిది మంది కోసం గంటకి వెయ్యి లీటర్లు తాగే వస్తువుకి తగిలించారు. మనం లైకు కొట్టాం.

మోటారు వాహనాల విషయంలో మన చట్టమే నయం. 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటితేనే కారైనా స్కూటరైనా వింటేజ్. నంబరు ప్లేటు మీద వీఏ అని ఉంటుంది. ప్రదర్శనకీ, ర్యాలీకీ, పెట్రోలు కొట్టించుకోడానికీ, రిపేరుకీ రోడ్డెక్కొచ్చు. రోజువారీ తిరుగుడుకీ, కిరాయికీ వీల్లేదు. వింటేజ్ అని గౌరవించాక మనుషుల్ని ఎక్కించుకుని డబ్బు తీసుకోకూడదని దాని అర్థం. చార్టర్ బ్రోషర్లో వింటేజ్‌కి ఇలాంటి నిర్వచనం ఏదీ లేదు. విమానాలకీ ఇదే లెక్క పెడితే నాకే అభ్యంతరమూ లేదు. స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్ళు ఒక లియర్‌జెట్ 23ని వాషింగ్టన్‌లో ప్రదర్శనకి పెట్టారు. వెళ్ళి చూడండి, చాలా అందంగా ఉంటుంది. ఎల్విస్ 1962 నాటి జెట్‌స్టార్ న్యూ మెక్సికో ఎడారిలో, రాస్వెల్‌లో, ఇంజన్లు లేకుండా దాదాపు నలభై ఏళ్ళు ఎండకి ఎండింది. 2023 జనవరి వేలంలో రెండు లక్షల అరవై వేల డాలర్లు పలికింది. కొన్న యూట్యూబర్ దాన్ని రోడ్డు మీద నడిచే ఇల్లుగా మార్చే పనిలో పడ్డాడు. రెక్కలు కత్తిరించి, చక్రాల మీద! ఈ మొత్తం కథలో నాకు నచ్చిన ఏకైక వింటేజ్ జెట్ ప్రయాణీకుడు ఆయనే.

ఇక రేపెప్పుడైనా మీ స్టార్టప్ బాసు పుట్టినరోజుకో, బంధువుల డెస్టినేషన్ పెళ్ళికో, "ఒక వింటేజ్ జెట్ మాట్లాడాం, నువ్వూ రా" అని పిలుపొచ్చిందనుకోండి. మొహమాటపడకుండా నాలుగు ప్రశ్నలడగండి. ఏ సంవత్సరంలో తయారైంది? ఎన్ని గంటలు ఎగిరింది, ఎన్నిసార్లు దిగింది? ప్రెషర్ సిస్టం మీద చివరిసారి చెయ్యి వేసిందెవరు, ఎందుకు? కాక్‌పిట్‌లో వాయిస్ రికార్డర్ పనిచేస్తోందని ఎవరైనా ఈమధ్య విని చూశారా?